దిగని చెయ్యి

బరంపురం పెద్దాసుపత్రిలో నాది గాజుపలకల ఉద్యోగం.
డాక్టర్లు ఒడియాలో అడుగుతారు,
సోనాపూర్ పల్లెకారు ఆడవాళ్ళు తెలుగులో దగ్గుతారు.
మధ్యన నేను,
జీతంలో లేని దుబాసీని.

సూరాడ నూకమ్మ అంగిలి ముక్క
మైనంలో గడ్డకట్టి నా బల్ల మీదికొచ్చింది.
అట్ట మీద పేరు మాత్రం లూకమ్మ.
చీటీల కిటికీలో మహాపాత్రో బాబుకి అలా వినబడిందట.
ఒక్క అక్షరం.
దానికి పదకొండు రోజులు
ఆ ముక్క ఎవరిదీ కాకుండా అలమరలో కూర్చుంది.

నలభై ఏళ్ళ అడ్డపొగ ఆమెది.
నిప్పున్న కొస లోపలికి, తడి కొస బయటికి.
"సవుద్రం గాలికి బైట ఆరిపోద్ది బావూ,
రెండు సేతులా సేపల తట్ట.
మరెలాగ తాగుతాం?"
మా అమ్మమ్మ నాలుక కింద కూడా బూడిదే ఉండేది.
నేనేం తప్పు పట్టను?

"నా నోట్లో ఏటి పెరుగుతంది, సెప్పు."

పుస్తకంలో దానికి బాణం గుర్తులున్నాయి.
బాణాలు మూసేసి ఒడ్డుని తెరిచాను.

పెద్దవల లాగే పొద్దు తెలుసు కదమ్మా.
దిబ్బ మీద ఒకడు నీటి రంగు చూస్తూ నిలబడతాడు,
చేప తిరిగిన చోటికి తువ్వాలు ఎత్తుతాడు.
చూసినవాడు కేకేస్తాడు,
విన్నవాడు పక్కవాడి వీపు తడతాడు,
వీపు నుంచి వీపుకి, ఆఖర్న
తాడు పట్టిన చేతికి.
కణంలోనూ అంతే.
బయటి గోడకి ఓ కబురు వచ్చి అతుక్కుంటుంది,
లోపలి వైపు ఒకడు ఉలిక్కిపడతాడు,
చిటికెడు ఫాస్ఫేటు పక్కవాడికి అంటిస్తాడు,
వాడు ఇంకొకడికి,
అలా తట్టుకుంటూ తట్టుకుంటూ నడిగదిలోకి చేరే మాట ఒకటే:
రెండవ్వు.
తెగిన వేలు అతుక్కున్నది ఈ మాటతోనే.
నీ కడుపులో పిల్లలు ఎదిగిందీ ఈ మాటతోనే.

ఎత్తడం ఎవడికైనా వచ్చు.
దించడమే పనితనం.

రాస్ అని ఓ బుల్లి ప్రోటీను, దాని కొలువల్లా
ఎత్తు, దించు, ఎత్తు, దించు.
దాని రాతలో ఒక్క అక్షరం తిరగబడిందా,
చెయ్యి గాల్లోనే బిగుసుకుపోతుంది.
వల ఒడ్డుకొచ్చేసింది. చేపలు అమ్ముడైపోయాయి.
తువ్వాలు ఊగుతూనే ఉంది,
లాగేవాళ్ళు లాగుతూనే ఉన్నారు,
తాడు అయిపోతే ఇసుకని లాగుతారు,
ఇసుక అయిపోతే ఊరిని.
ఆపండ్రా అని అరిచే కాపలావాడు ఒకడున్నాడు,
పి యాభైమూడు అంటారు వాణ్ణి.
పొగకి వాడి గొంతు ఎప్పుడో పోయింది.

నూకమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
కొంగుతో నోరు ఒత్తుకుని,
"ఆ సెయ్యి ఎత్తినోడు నిద్దరన్నా పోడు కావాల, పాపం,
ఎవులో ఒకలు ఎల్లి దించమని సెప్పాల" అంది.

ఎక్కడో ఆ చెయ్యి దించే మందు వెతుకుతున్నారని
చెప్పబోయి ఆగాను.
మా కిటికీ దాకా వచ్చేది కోతా, కిరణమూ.
అవే చెప్పాను. తేదీ చెప్పాను.
బస్సు చార్జీ ఎంతవుతుందో ఆమే చెప్పింది.

తర్వాత అట్ట మీద అక్షరం దిద్దించాను.
రెండు సంతకాలు, ఒక ముద్ర, ఒక గంట.
ఇంత తేలిగ్గా దిద్దుకునే అక్షరాలు
చీటీల మీదే ఉంటాయి.

సాయంత్రం గాజుపలక కింద ఊదారంగు గుంపు,
ఒకరి భుజాల మీదికొకరు ఎక్కుతూ.
తల తిప్పితే కిటికీలోంచి సోనాపూర్ బస్సు.
అద్దంలో ఆమె చెయ్యి ఎత్తింది.
నేనూ ఎత్తాను.

ముందు ఆమే దించింది.